సైంటిఫిక్ కాలిక్యులేటర్ మోడ్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజినీరింగ్, డిప్లొమా, డిగ్రీ విద్యార్థుల చేతుల్లో ఎక్కువగా కనిపించే కేసియో ఎఫ్ఎక్స్-991ఎంఎస్, ఎఫ్ఎక్స్-991ఈఎస్ ప్లస్ మోడళ్ల గురించే ఇక్కడి జవాబుల్లో ఎక్కువ భాగం. చివర్లో ప్రోగ్రామ్ రాసుకునే ఎఫ్ఎక్స్-5800పి గురించి కూడా ఉంది. బటన్ల మీద, స్క్రీన్ మీద ఇంగ్లీషులో ఉండే పేర్లను ఇక్కడ పలికినట్టే రాశాం.

మోడ్ అంటే అసలేమిటి? మోడ్ మార్చకుండా లెక్క చేస్తే ఏమవుతుంది?

ఒకే బటన్ ఒక్కో మోడ్‌లో ఒక్కో పని చేస్తుంది. 991ఈఎస్ ప్లస్‌లో "లాగ్" బటన్ మామూలుగా లాగరిథమ్ ఇస్తుంది. బేస్-ఎన్ మోడ్‌లో అదే బటన్ జవాబును బైనరీలోకి మారుస్తుంది. "ఈఎన్‌జీ" బటన్ కాంప్లెక్స్ మోడ్‌లో "ఐ" అక్షరం అవుతుంది. ఎంఎస్‌లో "ఎం ప్లస్" బటన్ ఎస్‌డీ (స్టాటిస్టిక్స్) మోడ్‌లోకి వెళ్లగానే డేటా ఎక్కించే బటన్‌గా మారిపోతుంది.

మోడ్ అన్న మాటను రెండు వేర్వేరు సంగతులకు వాడుతుంటారు, గందరగోళం అక్కడే మొదలవుతుంది. ఒకటి లెక్క రకం: మామూలు లెక్క, స్టాటిస్టిక్స్, సమీకరణాలు, మాత్రికలు. రెండోది సెటప్: కోణం డిగ్రీల్లోనా రేడియన్లలోనా, దశాంశాలు ఎన్ని, జవాబు భిన్నమా దశాంశమా. మొదటిది తప్పితే కాలిక్యులేటర్ చాలాసార్లు ఎర్రర్ చూపిస్తుంది, మీకు వెంటనే తెలిసిపోతుంది. రెండోది తప్పితే చడీచప్పుడు లేకుండా తప్పు జవాబు ఇస్తుంది. మార్కులు పోయేది ఎక్కువగా ఈ రెండోదానివల్లే.

ఇప్పుడు ఏ మోడ్‌లో ఉన్నానో ఎలా తెలుసుకోవాలి?

స్క్రీన్ పైఅంచున చీమంత అక్షరాలు ఉంటాయి. డి అంటే డిగ్రీ, ఆర్ అంటే రేడియన్, జి అంటే గ్రేడియన్ (లంబకోణాన్ని 100 భాగాలు చేసే కొలమానం). వాటి పక్కన స్టాట్, సీఎంపీఎల్ఎక్స్, మ్యాట్, వీసీటీ, ఫిక్స్, సై వంటివి కనిపిస్తే అవి ఆన్‌లో ఉన్నట్టు. డి తప్ప ఇంకేమీ లేకపోతే (ఈఎస్ ప్లస్‌లో "మ్యాథ్" అని కూడా ఉండొచ్చు) మామూలు లెక్కల మోడ్ అయిన కాంప్‌లో ఉన్నట్టే.

ఆఫ్ చేసి ఆన్ చేసినంత మాత్రాన కోణం సెట్టింగ్ మారదు. నిన్న రేడియన్‌లో వదిలేస్తే ఈరోజూ రేడియన్‌లోనే లేస్తుంది. స్నేహితుడి కాలిక్యులేటర్ అడిగి తెచ్చుకున్నప్పుడు ముందు చూడాల్సింది ఆ చిన్న అక్షరమే.

సైన్ 30 కొడితే 0.5 రావడం లేదు. పాడైందా?

పాడవలేదు. ఈ ఒక్క లెక్కే మోడ్‌ను పట్టించేస్తుంది.

0.5 (లేదా 1/2) వస్తే డిగ్రీ.
−0.988031624 వస్తే రేడియన్.
0.4539904997 వస్తే గ్రేడియన్. అంటే ఎప్పుడో రేడియన్ పెట్టబోయి పొరపాటున 2 బదులు 3 (ఎంఎస్‌లో), లేదా 4 బదులు 5 (ఈఎస్ ప్లస్‌లో) నొక్కారన్నమాట. మన సిలబస్‌లో గ్రేడియన్‌తో పనే ఉండదు.

ఈఎస్ ప్లస్‌లో మార్చాలంటే షిఫ్ట్, మోడ్ నొక్కి డిగ్రీకి 3, రేడియన్‌కు 4. ఎంఎస్‌లో మోడ్ బటన్‌ను నాలుగుసార్లు నొక్కాలి, తర్వాత డిగ్రీకి 1, రేడియన్‌కు 2. వేళ్ల తొందరలో ఐదోసారి కూడా నొక్కేస్తే ఫిక్స్, సై, నార్మ్ తెర (సంఖ్యను ఎలా చూపాలో ఎంచుకునేది) వస్తుంది. అక్కడ 1 కొడితే కోణం మారదు సరికదా, ఎన్ని దశాంశాలు కావాలని అడుగుతుంది. అప్పుడు కంగారుగా ఏదో ఒక అంకె కొట్టకండి, ఏసీ నొక్కి మళ్లీ మొదలుపెట్టండి.

మోడ్ మార్చకుండానే ఒక్క కోణాన్ని డిగ్రీగా తీసుకోవాలంటే, అంకె తర్వాత షిఫ్ట్, ఆన్స్ నొక్కి 1 ఎంచుకోండి. రేడియన్‌లో ఉన్నా ఆ 30ని 30 డిగ్రీలుగానే లెక్కిస్తుంది.

ఎప్పుడు డిగ్రీ, ఎప్పుడు రేడియన్?

సర్వేయింగ్, ఫిజిక్స్ వెక్టర్లు, ఎలక్ట్రికల్ ఫేజర్లు, స్టాటిక్స్ అన్నీ డిగ్రీలే. కాలిక్యులస్ మాత్రం రేడియనే. త్రికోణమితి ఫలాల అవకలనం, సమాకలనం రెండింటికీ రేడియన్ పెట్టాల్సిందే, ఇందులో మినహాయింపు లేదు.

0 నుంచి పై వరకు సైన్ ఎక్స్ సమాకలనం 2 అని అందరికీ తెలుసు. డిగ్రీలో ఉంచి ఇంటిగ్రల్ బటన్‌తో చేస్తే 0.0861 వస్తుంది. ఎందుకంటే కాలిక్యులేటర్ ఎగువ అవధిని 3.14 డిగ్రీలు అనుకుంది. అలాగే సైన్ ఎక్స్‌కు 0 దగ్గర అవకలనం 1 రావాలి, డిగ్రీలో 0.01745 వస్తుంది. అది 180వ వంతు పై. జవాబులో ఈ 0.01745 గానీ, దాని విలోమం 57.29 గానీ కనిపిస్తే కోణం సెట్టింగ్ తప్పిందని అక్కడికక్కడే గ్రహించవచ్చు.

న్యూటన్-రాఫ్సన్‌లో కాస్ ఎక్స్, సైన్ ఎక్స్ ఉన్న లెక్కలకూ ఇదే సూత్రం. డిగ్రీలో ఉంచి చేస్తే పదిసార్లు తిప్పినా పుస్తకంలోని జవాబు రాదు, మీ పద్ధతి తప్పేమో అనుకుని అరగంట పోగొట్టుకుంటారు. పోలార్, రెక్టాంగులర్ మార్పిడి బటన్లు కూడా కోణం సెట్టింగ్ మీదే ఆధారపడతాయి.

ఏ మోడ్‌కు ఏ నంబర్?

991ఈఎస్ ప్లస్‌లో మోడ్ ఒక్కసారి నొక్కితే మొత్తం జాబితా వస్తుంది: 1 కాంప్, 2 కాంప్లెక్స్, 3 స్టాట్, 4 బేస్-ఎన్, 5 ఈక్యూఎన్ (సమీకరణాలు), 6 మ్యాట్రిక్స్, 7 టేబుల్, 8 వెక్టర్.

991ఎంఎస్‌లో ఎన్నిసార్లు నొక్కారన్నదే లెక్క. ఒకసారి: 1 కాంప్, 2 కాంప్లెక్స్. రెండుసార్లు: 1 ఎస్‌డీ, 2 రెగ్ (రిగ్రెషన్), 3 బేస్. మూడుసార్లు: 1 ఈక్యూఎన్, 2 మ్యాట్, 3 వీసీటీ. నాలుగుసార్లు: కోణం. ఐదుసార్లు: ఫిక్స్, సై, నార్మ్. ఎంఎస్‌లో టేబుల్ మోడ్ లేదు.

క్లాస్‌విజ్ రకం 991ఈఎక్స్‌లో మోడ్ బటన్ బదులు మెనూ, బొమ్మలు ఉంటాయి. పేర్లు కాస్త మారినా కింద చెప్పిన సంగతుల్లో చాలావరకు దానికీ పనికొస్తాయి.

0.005 రావాల్సిన చోట 5×10⁻³ అని చూపిస్తోంది. ఎలా ఆపాలి?

అది నార్మ్ 1 సెట్టింగ్. 0.01 కంటే చిన్న సంఖ్య వస్తే దాన్ని పది ఘాతంలో చూపిస్తుంది. నార్మ్ 2 పెడితే 10⁻⁹ వరకు మామూలు దశాంశంలోనే చూపిస్తుంది. ఈఎస్ ప్లస్‌లో షిఫ్ట్, మోడ్, 8, 2. ఎంఎస్‌లో మోడ్ ఐదుసార్లు, 3, 2.

ఫిక్స్ సంగతి వేరు. ఫిక్స్ 2 పెడితే స్క్రీన్ మీద రెండు దశాంశాలే కనిపిస్తాయి గానీ లోపల పూర్తి సంఖ్య అలాగే ఉంటుంది. 10 ÷ 3 చేస్తే 3.33 కనిపిస్తుంది. దాన్ని 3తో గుణిస్తే 10.00 వస్తుంది, 9.99 కాదు. కనిపించే సంఖ్యతోనే లెక్క సాగాలంటే మధ్యలో షిఫ్ట్, 0 (ఆర్ఎన్‌డీ) నొక్కాలి, అప్పుడు 9.99 వస్తుంది. ల్యాబ్ రికార్డులో పట్టిక విలువలకూ తుది జవాబుకూ చివరి అంకె కుదరకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

జవాబులన్నీ భిన్నాలు, వర్గమూలాల్లో వస్తున్నాయి. దశాంశం కావాలంటే?

ఈఎస్ ప్లస్ మ్యాథ్ పద్ధతిలో ఉంది. ఎస్-డి బటన్ నొక్కితే అటూ ఇటూ మారుతుంది. మొదటే దశాంశం కావాలంటే సమానం బటన్‌కు ముందు షిఫ్ట్ నొక్కండి. ఎప్పటికీ దశాంశమే కావాలంటే షిఫ్ట్, మోడ్, 2తో లైన్ పద్ధతికి మారండి. మ్యాథ్ పద్ధతిలో భిన్నాలు పుస్తకంలో ఉన్నట్టే కనిపిస్తాయి కాబట్టి ఎక్కించేటప్పుడు తప్పులు తక్కువ. దాన్నే ఉంచుకోమని మా సలహా.

సమీకరణాల మోడ్‌లో జవాబు గుర్తు తారుమారుగా వస్తోంది.

మన పాఠ్యపుస్తకాల్లో రేఖీయ సమీకరణాలను చివరన "= 0" వచ్చేలా రాస్తారు. కాలిక్యులేటర్‌కు మాత్రం స్థిరాంకం కుడివైపు ఉండాలి. 2ఎక్స్ + 3వై − 13 = 0, 3ఎక్స్ − వై − 3 = 0 అని ఉంటే మూడో గడిలో 13, 3 ఎక్కించాలి. చూసింది చూసినట్టు −13, −3 ఎక్కిస్తే 2, 3 రావాల్సిన చోట −2, −3 వస్తాయి. రెండు స్థిరాంకాల గుర్తులూ తప్పితే జవాబుల గుర్తులు మాత్రమే తిరగబడతాయి. ఒక్కదాని గుర్తే తప్పితే జవాబే పూర్తిగా వేరుగా వస్తుంది, పట్టుకోవడం కష్టం. వర్గ, ఘన సమీకరణాలకు ఈ బాధ లేదు, అక్కడ "= 0" రూపమే అడుగుతుంది.

ఈఎస్ ప్లస్‌లో మోడ్, 5 నొక్కాక: 1 రెండు చలరాశులు, 2 మూడు చలరాశులు, 3 వర్గ సమీకరణం, 4 ఘన సమీకరణం. ఎంఎస్‌లో మోడ్ మూడుసార్లు, 1. అక్కడ మొదట "అన్‌నోన్స్?" అని 2, 3 చూపిస్తుంది. వర్గ, ఘన సమీకరణాలు కావాలంటే కుడి బాణం నొక్కాలి, అప్పుడు "డిగ్రీ?" వస్తుంది. ఈ డిగ్రీ కోణం కాదు, సమీకరణపు ఘాతం. బాణం నొక్కకుండా 2 కొట్టి, వర్గ సమీకరణం అనుకుని గుణకాలు ఎక్కించేవాళ్లను ప్రతి బ్యాచ్‌లోనూ చూడవచ్చు.

ఎంఎస్‌లో వర్గ సమీకరణానికి రెండు మూలాలూ ఒకటే వచ్చాయి. కానీ విచక్షణి సున్నా కాదు.

స్క్రీన్ పై కుడిమూలన "ఆర్-ఐ" గుర్తు ఉందేమో చూడండి. ఉంటే అవి సంకీర్ణ మూలాలు, మీకు కనిపిస్తున్నది వాస్తవ భాగం మాత్రమే. ఎక్స్² + 2ఎక్స్ + 5 = 0 కు మొదటి మూలంగా −1 కనిపిస్తుంది. షిఫ్ట్, సమానం నొక్కితే 2 పక్కన ఐ వస్తుంది. అంటే మూలాలు −1 ± 2ఐ. ఈ గుర్తు చూడక "మూలాలు −1, −1" అని రాసేవాళ్లు చాలామంది. ఈఎస్ ప్లస్‌లో వాస్తవ, కల్పిత భాగాలు రెండూ ఒకేసారి కనిపిస్తాయి కాబట్టి ఈ తప్పు జరగదు.

ఈఈఈ విద్యార్థులకు కాంప్లెక్స్ మోడ్ ఎలా ఉపయోగం?

ఇంపెడెన్స్ లెక్కల్లో ఇది సగం సమయం మిగులుస్తుంది. మీ పుస్తకంలోని "జె" ఇక్కడ "ఐ". ఈఎస్ ప్లస్‌లో మోడ్, 2. తర్వాత ఈఎన్‌జీ బటన్ ఐ ఇస్తుంది. షిఫ్ట్ నొక్కి, బ్రాకెట్లలో మైనస్ గుర్తు ఉన్న (−) బటన్ నొక్కితే ∠ వస్తుంది.

3 + 4ఐ, 6 − 8ఐ ఓమ్‌ల ఇంపెడెన్స్‌లు సమాంతరంగా ఉన్నాయనుకుందాం. ఇలా ఎక్కించండి:

(3 + 4ఐ)(6 − 8ఐ) ÷ ((3 + 4ఐ) + (6 − 8ఐ))

జవాబు సుమారు 4.639 + 2.062ఐ. పోలార్‌లో కావాలంటే షిఫ్ట్, 2, 3, సమానం. 5.077∠23.96 వస్తుంది. హారం చుట్టూ ఉన్న బయటి బ్రాకెట్ మరిచిపోతే మొదటి సంఖ్యతో మాత్రమే భాగించి, రెండోదాన్ని కలిపేస్తుంది. ఎర్రర్ రాదు, జవాబు మాత్రం తప్పు. ఇక 23.96 బదులు 0.418 వచ్చిందంటే కోణం రేడియన్‌లో ఉంది.

ఎప్పుడూ పోలార్‌లోనే జవాబు కావాలనుకుంటే సెటప్ రెండో పేజీలో (షిఫ్ట్, మోడ్, కింది బాణం) 3 నొక్కి, ఆర్∠థీటా ఎంచుకోండి.

స్టాటిస్టిక్స్‌లో రెండు రకాల ప్రామాణిక విచలనాలు ఎందుకు? ఏది రాయాలి?

12, 15, 15, 18, 20 తీసుకోండి. సగటు 16. ఎన్‌తో భాగిస్తే విచలనం 2.757, ఎన్ మైనస్ 1తో భాగిస్తే 3.082. ఈఎస్ ప్లస్‌లో మొదటిది సిగ్మా ఎక్స్, రెండోది ఎస్ఎక్స్. ఎంఎస్‌లో సిగ్మా పక్కన ఎన్, ఎన్−1 అని ఉంటుంది. మొత్తం జనాభా డేటా ఇస్తే మొదటిది. నమూనా ఇచ్చి టి-పరీక్ష లాంటిది చేయమంటే రెండోది.

ఈఎస్ ప్లస్‌లో మోడ్, 3, 1. విలువలు ఒక్కొక్కటి కొట్టి సమానం నొక్కుతూ పోయి, అయిపోయాక ఏసీ. ఏసీ కొడితే డేటా పోతుందని భయపడకండి, పోదు. తర్వాత షిఫ్ట్, 1, 4 నొక్కితే సగటు, విచలనాలు కనిపిస్తాయి. పౌనఃపున్యం గడి కావాలంటే సెటప్ రెండో పేజీలో 4, తర్వాత 1. ఈ సెట్టింగ్ మారిస్తే అప్పటిదాకా ఎక్కించిన డేటా తుడిచిపెట్టుకుపోతుంది, కాబట్టి ముందే పెట్టుకోండి. పౌనఃపున్యం లేకపోతే ఒక చలరాశికి 80 వరుసలు, ఉంటే 40.

ఎంఎస్‌లో మోడ్ రెండుసార్లు, 1. ఒక్కో విలువ తర్వాత ఎం ప్లస్. 15 రెండుసార్లు ఉంటే 15, షిఫ్ట్, కామా, 2, ఎం ప్లస్. కొత్త లెక్కకు ముందు షిఫ్ట్, మోడ్, 1, సమానం నొక్కి పాత డేటా తుడిచేయడం తప్పనిసరి. లేకపోతే పాత లెక్క విలువలూ కలిసిపోతాయి. దీన్ని పట్టుకునే ఉపాయం ఒకటి ఉంది: ఎం ప్లస్ నొక్కగానే స్క్రీన్ మీద ఎన్ విలువ వస్తుంది. మొదటి విలువకే అక్కడ 1 కాకుండా 6 కనిపిస్తే పాత డేటా లోపలే ఉన్నట్టు.

సరళరేఖ అమర్చే లెక్కలో ఎ, బి తారుమారు అయ్యాయి.

కాలిక్యులేటర్ వై = ఎ + బిఎక్స్ అనుకుంటుంది. అంటే ఎ అంతరఖండం, బి వాలు. చాలా పుస్తకాల్లో వై = ఎఎక్స్ + బి అని ఉంటుంది, అక్కడ ఎ వాలు. (1, 3), (2, 5), (3, 7) బిందువులు ఎక్కించి చూడండి. ఎ = 1, బి = 2 వస్తే మీకు స్పష్టమవుతుంది.

బేస్-ఎన్ మోడ్‌లో 5 ÷ 2 చేస్తే 2 వస్తోంది, సైన్ బటన్ పని చేయడం లేదు.

ఆ మోడ్‌లో పూర్ణసంఖ్యలే ఉంటాయి, దశాంశ భాగాన్ని కోసేస్తుంది. సైన్, కాస్, ట్యాన్ బటన్లు అక్కడ పదహారు ఆధారపు డి, ఇ, ఎఫ్ అంకెలవుతాయి. పని అయ్యాక మోడ్, 1 నొక్కి బయటికి రండి.

200ను బైనరీలోకి మార్చాలంటే ఈఎస్ ప్లస్‌లో మోడ్, 4. ఎక్స్² బటన్ (దశాంశం) నొక్కి 200, సమానం. తర్వాత లాగ్ బటన్ నొక్కితే 11001000 ముందు సున్నాలతో వస్తుంది. ఎల్ఎన్ నొక్కితే ఆక్టల్‌లో 310.

ఈఎస్ ప్లస్ బైనరీ 16 బిట్లు, అంటే 32767 వరకే. ఎంఎస్‌లో 10 బిట్లే, 511 దాటితే మ్యాథ్ ఎర్రర్. రుణసంఖ్యలు టూస్ కాంప్లిమెంట్‌లో వస్తాయి. −5కు ఈఎస్ ప్లస్ 1111111111111011 చూపిస్తుంది. ప్రశ్నలో 8 బిట్లు అడిగితే చివరి ఎనిమిది, అంటే 11111011 రాయండి. బైనరీలో ఉండగా 7 కొడితే వచ్చే సింటాక్స్ ఎర్రర్‌కు కారణం, బైనరీలో ఏడు అనే అంకె లేకపోవడమే.

మాత్రికలు ఎక్కించాను, ఇప్పుడు లెక్క ఎలా చేయాలి?

గడులు నింపాక ఏసీ నొక్కండి, మామూలు తెర వస్తుంది. అక్కడ ఈఎస్ ప్లస్‌లో షిఫ్ట్, 4 నొక్కితే జాబితా: 3 మ్యాట్ఎ, 4 మ్యాట్బి, 5 మ్యాట్సి, 7 డిటర్మినెంట్, 8 ట్రాన్స్‌పోజ్. ఈఎస్ ప్లస్, ఎంఎస్ రెండింటిలోనూ 3×3 వరకే. విలోమానికి ఎక్స్⁻¹ బటన్ వాడాలి. ఘాతం బటన్ నొక్కి −1 కొడితే ఎర్రర్ వస్తుంది. మాత్రికను మాత్రికతో భాగించడం కూడా లేదు.

అడ్జాయింట్‌కు అడ్డదారి: డిటర్మినెంట్ × విలోమం. సహగుణకాలు ఒక్కొక్కటి లెక్కపెట్టి రాసినదాన్ని సరిచూసుకోవడానికి ఇది బాగుంటుంది. డిటర్మినెంట్ సున్నా అయితే మాత్రం విలోమమే లేదు, మ్యాథ్ ఎర్రర్ వస్తుంది.

ఐగెన్ విలువలకు ప్రత్యేక బటన్ లేదు. లక్షణ సమీకరణం రాసుకుని సమీకరణాల మోడ్‌కు వెళ్లాలి. మొదటి వరుస 4, 1, రెండో వరుస 2, 3 అయితే ట్రేస్ 7, డిటర్మినెంట్ 10. గుణకాలు 1, −7, 10 ఎక్కిస్తే 5, 2 వస్తాయి.

వెక్టర్ మోడ్‌లో మామూలు గుణకారం గుర్తు క్రాస్ ప్రొడక్ట్ ఇస్తుంది. డాట్ కావాలంటే ఈఎస్ ప్లస్‌లో షిఫ్ట్, 5, 7.

టేబుల్ మోడ్ దేనికి? సాల్వ్ ఉండగా అదెందుకు?

మూలం ఏ రెండు సంఖ్యల మధ్య ఉందో చూపించమని అడిగే ప్రశ్నలకు టేబుల్. ఎక్స్³ − 4ఎక్స్ − 9 తీసుకోండి. మోడ్, 7 నొక్కి ప్రమేయం ఎక్కించండి (ఎక్స్ కోసం ఆల్ఫా, కుడి బ్రాకెట్). మొదలు 2, చివర 3, అడుగు 0.1. 2 దగ్గర −9, 3 దగ్గర 6. మధ్యలో 2.7 దగ్గర −0.117, 2.8 దగ్గర 1.752. గుర్తు మారింది కాబట్టి మూలం ఆ రెంటి మధ్య. పట్టికకు 30 వరుసలే చోటు. 2 నుంచి 3 వరకు 0.01 అడుగు పెడితే 101 వరుసలు కావాలి, మెమరీ చాలదని ఎర్రర్ వస్తుంది.

సాల్వ్ (షిఫ్ట్, కాల్క్) కాంప్ మోడ్‌లోనే పని చేస్తుంది. ఇదే సమీకరణానికి 2.7065 ఇస్తుంది. అది న్యూటన్ పద్ధతి, మీరిచ్చిన మొదటి విలువకు దగ్గరి మూలాన్నే వెతుకుతుంది. మిగతా మూలాల సంగతి చెప్పదు. జవాబు కింద "ఎల్ మైనస్ ఆర్" (సమీకరణపు ఎడమవైపు మైనస్ కుడివైపు) సున్నా ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ జవాబును నమ్మకండి.

మోడ్ మారిస్తే నేను దాచుకున్నవి పోతాయా?

ఎ, బి, సి వంటి చలరాశుల్లో, ఎం లో దాచినవి ఉంటాయి. ఈఎస్ ప్లస్‌లో పైబాణంతో చూసే పాత లెక్కల చరిత్ర పోతుంది, స్టాట్ డేటా కూడా పోతుంది. టేబుల్ వాడితే ఎక్స్‌లో ఉన్న విలువ మారిపోతుంది. కాబట్టి ముఖ్యమైన సంఖ్యను ఎక్స్‌లో దాచవద్దు.

ఏం నొక్కానో తెలియదు, అంతా గందరగోళంగా ఉంది.

ఈఎస్ ప్లస్‌లో షిఫ్ట్, 9, 3, సమానం, ఏసీ. ఎంఎస్‌లో షిఫ్ట్, మోడ్, 3, సమానం, ఏసీ. కాంప్, డిగ్రీ, నార్మ్ 1కు తిరిగి వస్తుంది, దాచినవన్నీ పోతాయి. దాచినవి ఉంచుకుని సెట్టింగులే మార్చాలంటే ఈఎస్ ప్లస్‌లో 3 బదులు 1, ఎంఎస్‌లో 3 బదులు 2.

991 ప్రోగ్రామబులా? ప్రోగ్రామబుల్‌లో అదనంగా ఏముంటుంది?

991 ఏదీ ప్రోగ్రామబుల్ కాదు. కాల్క్ బటన్‌తో ఒక సూత్రాన్ని మళ్లీ మళ్లీ వేర్వేరు విలువలకు వాడుకోవచ్చు, అంతవరకే.

ప్రోగ్రామబుల్‌లో రాసే మోడ్ వేరు, నడిపే మోడ్ వేరు. 1974లో వచ్చిన హెచ్‌పీ-65లో దీనికి పక్కకు జరిపే స్విచ్చే ఉండేది: ఒకవైపు రాయడం, మరోవైపు రన్. ఇప్పటి కేసియో 5800పిలో మోడ్, 5 నొక్కితే ప్రోగ్ జాబితా: 1 న్యూ, 2 రన్, 3 ఎడిట్, 4 డిలీట్. కొత్తది రాసేటప్పుడు పేరు ఇచ్చాక అది కాంప్ రకమా, బేస్-ఎన్ రకమా, ఫార్ములా రకమా అని అడుగుతుంది. ఇక్కడ బేస్-ఎన్ ఎంచుకుంటే ఆ ప్రోగ్రామ్‌లో సైన్, వర్గమూలం వంటివి వాడలేరు.

ఒక చిన్న ప్రోగ్రామ్ చూపిస్తారా?

మూడు భుజాలు మీటర్లలో ఇస్తే త్రిభుజపు స్థలం గుంటల్లో చెప్పే ప్రోగ్రామ్. న్యూ ఎంచుకుని, పేరు ఇచ్చి, కాంప్ పెట్టండి. ప్రశ్న గుర్తు, బాణం, ◢ గుర్తు వంటివి ఫంక్షన్ బటన్ కింద ప్రోగ్ జాబితాలో దొరుకుతాయి.

? → ఎ : ? → బి : ? → సి
(ఎ + బి + సి) ÷ 2 → డి
√(డి(డి − ఎ)(డి − బి)(డి − సి)) → ఇ ◢
ఇ × 1.196 ÷ 121

ప్రశ్న గుర్తు వచ్చిన చోట ఆగి విలువ అడుగుతుంది. ◢ దగ్గర ఆగి చదరపు మీటర్లు చూపిస్తుంది, ఈఎక్స్ఈ నొక్కితే ముందుకు సాగుతుంది. 30, 40, 50 ఇచ్చి చూడండి: 600 చదరపు మీటర్లు, తర్వాత 5.93 గుంటలు. 1.196 చదరపు మీటరును చదరపు గజంగా మారుస్తుంది, గుంటకు 121 గజాలు. ఆంధ్రలో సెంట్లు కావాలంటే 121 బదులు 48.4 పెట్టండి, 14.83 వస్తుంది. నాలుగు భుజాల స్థలమైతే ఒక కర్ణం కొలిచి, రెండు త్రిభుజాలుగా చేయాలి. నాలుగు భుజాల పొడవులు మాత్రమే తెలిస్తే వైశాల్యం తేలదు, ఏ ప్రోగ్రామూ దాన్ని తేల్చలేదు.

వర్గమూలం దగ్గర మ్యాథ్ ఎర్రర్ వస్తే ప్రోగ్రామ్‌ను అనుమానించే ముందు కొలతలు చూడండి. రెండు భుజాల మొత్తం మూడోదానికంటే తక్కువైతే మూలం లోపల రుణసంఖ్య వస్తుంది. టేపు ఎక్కడో తప్పు చదివారన్నమాట.

నిన్న సరిగ్గా పనిచేసిన ప్రోగ్రామ్ ఈరోజు తప్పు జవాబిస్తోంది.

కోణాలున్న ప్రోగ్రామ్ అయితే మధ్యలో ఎవరో రేడియన్‌కు మార్చారు. సెటప్ ప్రోగ్రామ్‌తో పాటు దాచబడదు. అందుకే మొదటి వరుసలోనే డిగ్రీ ఆదేశం రాసేయాలి, ఎడిట్‌లో ఉండగా సెటప్ నుంచి ఎంచుకుంటే అది ఆదేశంగా చేరుతుంది. రెండో కారణం చలరాశులు. అన్ని ప్రోగ్రామ్‌లకూ అవే ఎ, బి, సి. ఒకటి మిగిల్చిన విలువను మరొకటి తీసుకుంటుంది. కూడుతూ పోయే చలరాశి ఉంటే మొదట్లో 0 → ఇ అని పెట్టండి.

ప్రోగ్రామ్ ఆగకుండా తిరుగుతూ ఉంటే ఏసీ నొక్కండి. గోటూ తర్వాత రాసిన అంకెకు సరిపడే లేబుల్ ఉందో లేదో, బయటికి వచ్చే షరతు ఉందో లేదో చూసుకోండి.

పరీక్షల్లో ఏది అనుమతిస్తారు?

ఈఏపీసెట్, జేఈఈ మెయిన్‌లలో ఏ కాలిక్యులేటరూ లేదు. గేట్‌లో మీది తీసుకెళ్లకూడదు, స్క్రీన్ మీదే వర్చువల్ కాలిక్యులేటర్ ఇస్తారు. దాన్ని మౌస్‌తో నొక్కాలి. అందులో డిగ్రీ, రేడియన్ గుండ్రటి గుర్తులుగా పైనే కనిపిస్తాయి, తెరిచినప్పుడు డిగ్రీ ఉంటుంది. సమీకరణాల మోడ్, మాత్రికలు, కాంప్లెక్స్ ఏవీ అందులో లేవు. నాలుగేళ్లు 991కు అలవాటుపడిన చేతికి అదే పెద్ద ఇబ్బంది, కనీసం చివరి రెండు నెలలు వర్చువల్‌తోనే సాధన చేయండి.

యూనివర్సిటీ సెమిస్టర్ పరీక్షల్లో సాధారణంగా నాన్-ప్రోగ్రామబుల్‌కే అనుమతి. 991ఎంఎస్, ఈఎస్ ప్లస్ ఆ కోవలోకే వస్తాయి, 5800పి రాదు. హాల్‌లో ఇన్విజిలేటర్ రీసెట్ చేయమంటే పైన చెప్పినట్టు చేసి, వెంటనే మీ సెట్టింగులు మళ్లీ పెట్టుకోండి. రీసెట్ తర్వాత కోణం డిగ్రీకి వెళ్లిపోయి ఉంటుంది, ఆ రోజు గణితం పేపర్ అయితే సమాకలనం మొదలుపెట్టే ముందు రేడియన్ చేసుకోవాలి.